టెక్నికల్ గ్రూపుల్లో డౌట్ అడిగేవాళ్లకీ, జవాబు చెప్పేవాళ్లకీ

"సర్, పైథాన్‌లో ఎర్రర్ వస్తోంది, ఎవరైనా హెల్ప్ చేయండి ప్లీజ్, అర్జెంట్."

అమీర్‌పేటలో కలిసి కోర్సు చేసినవాళ్ల వాట్సాప్ గ్రూపైనా, వేలమంది ఉన్న టెలిగ్రామ్ గ్రూపైనా, డిస్కార్డ్ అయినా, ఇలాంటి మెసేజ్ కనబడని రోజు ఉండదు. సర్ అన్నారు, ప్లీజ్ అన్నారు, దండం పెట్టే బొమ్మ కూడా పెట్టారు, మర్యాదకు ఏ లోటూ లేదు. అయినా ఎవరూ పలకరు. పలకనివాళ్లకు పొగరని అనుకుంటాం గానీ, చాలాసార్లు సంగతి అది కాదు, ఆ మెసేజ్ చదివి ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు, అంతే. బస్టాండులో ఎంక్వైరీ దగ్గరికెళ్లి "బస్సు ఎప్పుడండీ" అని ఎంత వినయంగా అడిగినా, ఏ ఊరికో చెప్పందే అవతలివాళ్లు చెప్పగలిగింది ఏమీ ఉండదు కదా.

ఈ గ్రూపుల్లో జవాబు చెప్పేవాళ్లకు ఎవరూ జీతం ఇవ్వరు. ఆఫీసు పని మధ్యలోనో, రాత్రి అన్నం తిన్నాకనో, ఫోన్లో ఒకసారి పైనుంచి కిందకు చూసుకుంటూ వెళ్తారు. మీ ప్రశ్న దగ్గర ఆగాలంటే, చదివిన అర నిమిషంలో "ఇది నాకు తెలుసు" అనో "ఇది నా సిస్టమ్‌లో ఒకసారి చేసి చూడొచ్చు" అనో అనిపించాలి. వాళ్ల టైమ్ మీద గౌరవం ఉందని చూపించాలంటే, వాళ్లు మళ్లీ అడగాల్సిన అవసరం లేకుండా వివరాలన్నీ మీరే ముందు ఇవ్వండి. సర్ అనడం మానేయమని కాదు, అంటే అనండి, కాకపోతే జవాబు ఇచ్చేది ఆడవాళ్లు కూడా అయ్యుండొచ్చని గుర్తు పెట్టుకోండి. బ్రో కంటే గారు నయం, అందరికీ సరిపోతుంది.

అడిగే ముందు

"ఇక్కడ జావా తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగి ఆగిపోవడం మనకు బాగా అలవాటు. ఎదురుగా ఉన్న మనిషి దగ్గర అది మర్యాదే, పలకరించి మెల్లగా విషయంలోకి వెళ్తాం. గ్రూపులో మాత్రం అది ఎవరినీ కదిలించదు. "నాకు తెలుసు" అని చెయ్యెత్తితే ఏ ప్రశ్న వచ్చి మీద పడుతుందో తెలియక, తెలిసినవాళ్లు కూడా ఊరుకుంటారు. హాయ్, నమస్తే, ప్రశ్న మొత్తం ఒకే మెసేజ్‌లో పెట్టేయండి.

ఎర్రర్ వస్తే ముందు దాన్ని చదవండి. వింతగా ఉంటుంది గానీ చాలామంది చదవరు, ఎర్ర అక్షరాలు చూడగానే టెన్షన్ పడి స్క్రీన్‌షాట్ తీసేస్తారు. పైథాన్‌లో అయితే చివరి లైన్ నుంచి పైకి చదవాలి, అసలు తప్పేంటో అక్కడే ఉంటుంది, దాని పైనున్న లైన్లు అది మీ కోడ్‌లో ఎక్కడ జరిగిందో చెబుతాయి. జావాలో ఎక్సెప్షన్ పేరు పైన వస్తుంది, కానీ కింద "కాజ్డ్ బై" అని మొదలయ్యే లైన్లుంటే వాటిలో ఆఖరిది చూడండి, మూలం చాలాసార్లు అక్కడ దొరుకుతుంది. ఆ లైన్లోంచి మీ ఫోల్డర్ పేర్లు, మీ యూజర్ పేరు తీసేసి మిగిలింది వెతకండి. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 నుంచి ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు వచ్చే ఎర్రర్లలో చాలావాటికి అక్కడ ఇప్పటికే జవాబులున్నాయి. వెతికినా దొరకకపోతే, ఏం వెతికారో, దొరికింది మీకు ఎందుకు పనికిరాలేదో ప్రశ్నలో ఒక ముక్క రాయండి. అదే జవాబు మళ్లీ చెప్పే శ్రమ వాళ్లకు తప్పుతుంది, "గూగుల్ చేసుకో" అనే మాట మీకు తప్పుతుంది.

ప్రశ్న ఎలా రాయాలి

ఒక ఉదాహరణ తీసుకుందాం, తెలుగు డేటాతో పని చేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే. రెండు సీఎస్‌వీ ఫైళ్లున్నాయి (కామాలతో విడదీసిన పట్టికలు), రెండింటిలోనూ ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి, పట్టికలతో పనిచేసే పాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో వాటిని పేరు ఆధారంగా కలపాలి, దాన్నే మెర్జ్ అంటారు. కొన్ని ఊళ్లు కలుస్తున్నాయి, కొన్ని కలవట్లేదు. దీన్ని మామూలుగా ఎలా అడుగుతారంటే: "పాండాస్ మెర్జ్ పని చెయ్యట్లేదు, ఎందుకు?" దీనికి పాతిక కారణాలు ఉండొచ్చు, పాతికా ఎవరు రాస్తారు? ఇలా అడిగి చూడండి:

"విండోస్ 11, పైథాన్ 3.12, పాండాస్ 2.2. రెండు సీఎస్‌వీ ఫైళ్లను ఊరి పేరు కాలమ్ మీద మెర్జ్ చేస్తున్నాను. గుంటూరు, విజయవాడ కలుస్తున్నాయి, హైదరాబాద్ కలవట్లేదు. ఎర్రర్ ఏమీ లేదు, ఆ వరసలో రెండో ఫైలు నుంచి రావాల్సిన విలువ ఖాళీగా వస్తోంది. చూడ్డానికి రెండు ఫైళ్లలోనూ పేరు ఒకేలా ఉంది, కానీ లెన్ ఫంక్షన్‌తో పొడవు చూస్తే (గుణింతాల గుర్తులు, పొల్లు కూడా లెక్కే) ఒక దాంట్లో 9, ఇంకో దాంట్లో 10 వస్తోంది. స్ట్రిప్‌తో చివర్ల ఖాళీలు తీశాను, మార్పు లేదు. రెండేసి వరసలున్న చిన్న ఫైళ్లు, ఆరు లైన్ల కోడ్ కింద పెట్టాను. ఆ పదోది ఏంటి, ఎలా కనిపెట్టాలి?"

ఇందులో సర్ లేదు, ప్లీజ్ లేదు. అయినా విషయం తెలిసినవాళ్లు దీని దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు. ఏ వెర్షన్లు వాడుతున్నారో ఉంది, ఏం రావాలో ఏం వస్తోందో ఉంది, ఎక్కడ పని చేస్తోందో ఎక్కడ చెయ్యట్లేదో ఉంది, ఇప్పటికే ఏం ప్రయత్నించారో ఉంది, చివర్న అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. వెర్షన్ ఎందుకంటారా, పాండాస్‌లో డేటాఫ్రేమ్‌కు, అంటే పట్టికకు, వరసలు చేర్చే అపెండ్‌ను 2.0లో తీసేశారు, పాత ట్యుటోరియల్ చూసి రాసిన కోడ్ కొత్త వెర్షన్‌లో ఆగిపోతుంది. వెర్షన్ చెబితే ఒక్క లైన్లో తేలిపోయే విషయం, చెప్పకపోతే పదిహేను మెసేజ్‌ల దాకా సాగుతుంది.

ఇక్కడ జనం ఎక్కువగా పడే గుంట ఇంకోటుంది. పైన చెప్పిన మనిషికే, ఆఖరి అక్షరం తీసేస్తే హైదరాబాద్ కలుస్తోందని ఎలాగో తెలిసింది అనుకోండి. ఇక గ్రూపులోకొచ్చి "స్ట్రింగ్‌లో ఆఖరి అక్షరం ఎలా తీసేయాలి?" అని అడుగుతారు. అది చాలా తేలిక, ఎవరో ఒకరు క్షణంలో చెప్పేస్తారు, ఈయన కాలమ్ మొత్తానికీ పెట్టేస్తారు, గుంటూరు కాస్తా గుంటూర అయి కూర్చుంటుంది. మళ్లీ వచ్చి ఇంకో ప్రశ్న. మీకు తోచిన పరిష్కారం గురించి అడిగినా పర్వాలేదు, కాకపోతే అసలు ఏ పని కోసం అది కావాలో పక్కనే చెప్పండి. "ఊళ్ల పేర్లు కలవట్లేదు, అందుకని ఆఖరి అక్షరం తీసేద్దామనుకుంటున్నా" అంటే చాలు, ఎవరో ఒకరు "ఆగండాగండి" అంటారు.

కోడ్ ఎంత పెట్టాలనేది ఇంకో తలనొప్పి. కొందరు నాలుగు వందల లైన్ల ఫైల్ మొత్తం పెడతారు, కొందరు ఎర్రర్ వచ్చిన ఒక్క లైన్ పెడతారు, రెండూ ఉపయోగపడవు. సంబంధం లేనిది ఒక్కొక్కటే తీసేస్తూ వెళ్లండి, సమస్య ఇంకా వస్తోందా లేదా చూసుకుంటూ. ఇంకేది తీసినా సమస్య మాయమయ్యే చోట ఆగండి, మిగిలిందే పెట్టాల్సింది. ఇది చాదస్తంగా అనిపిస్తుంది, కానీ ఇలా తీసుకుంటూ పోతుంటే సగం సార్లు తప్పు మీకే దొరికేస్తుంది, అడగాల్సిన పనే ఉండదు.

కోడ్‌ను, ఎర్రర్‌ను అక్షరాల్లోనే పెట్టండి. మానిటర్‌కు ఫోన్ అడ్డంపెట్టి తీసిన ఫొటో, మీద అడ్డచారలు, మూలన ట్యూబ్‌లైట్ వెలుగు, అది చదివి మీ కోడ్ మళ్లీ టైప్ చేసుకునే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? ఫొటోలో ఉన్నది వెతికితే దొరకదు, కాపీ చెయ్యడం కుదరదు, స్క్రీన్ రీడర్ వాడే అంధులకైతే అక్కడ ఏముందో కూడా తెలియదు. స్క్రీన్ మీద బటన్ పక్కకు జరిగిపోయింది లాంటి కళ్లతో చూడాల్సిన సమస్యలకే స్క్రీన్‌షాట్. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో కోడ్‌కు ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు (`) పెడితే అక్షరాలన్నీ సమాన వెడల్పుతో వస్తాయి. ఫోన్లో టైప్ చేస్తే కొన్ని కీబోర్డులు మామూలు కొటేషన్ గుర్తుల్ని వంపు తిరిగినవిగా మార్చేస్తాయి, అవతలివాళ్లు కాపీ చేసి నడిపితే కొత్త ఎర్రర్ పుడుతుంది. కోడ్ ఉన్న సిస్టమ్ నుంచే పేస్ట్ చెయ్యడం మంచిది.

పెట్టే ముందు ఒక్కసారి పైనుంచి కిందకు చూసుకోండి: పాస్‌వర్డ్, ఏపీఐ కీ (వేరే సర్వీసును వాడుకోవడానికి మీకిచ్చిన రహస్య సంకేతం), డేటాబేస్ అడ్రస్, కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు. ఆఫీసు కోడ్ అయితే అది కంపెనీ సొత్తో క్లయింట్ సొత్తో, అదే సమస్య చూపించే చిన్న కోడ్ విడిగా రాసి పెట్టండి. పొరపాటున కీ పెట్టేశారా, మెసేజ్ డిలీట్ చేస్తే సరిపోదు, ఈపాటికి ఎవరో చూసుంటారు. ముందు ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి. గిట్‌హబ్‌లో పెట్టి తర్వాత ఫైల్లోంచి తీసేసినా పాత కమిట్‌లో, అంటే అప్పుడు భద్రపరిచిన రూపంలో, అలాగే ఉంటుంది.

భాష సంగతి. తెలుగు గ్రూపులో తెలుగులో అడగండి, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా ఎవరూ ఏమీ అనుకోరు. అసలు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇంగ్లిషే రాయాలి. స్పానిష్, పోర్చుగీస్, రష్యన్, జపనీస్‌లకు విడి సైట్లున్నాయి, తెలుగుకు లేదు. ఇంగ్లిష్ అంతగా రాదని జంకక్కర్లేదు, చిన్న చిన్న వాక్యాలు చాలు. వ్యాకరణం తప్పితే ఎవరో వచ్చి దిద్దుతారు, వివరాలు లేకపోతే మాత్రం దిద్దేవాడుండడు. తెలుగు వికీపీడియాలో మూసలు (టెంప్లేట్లు), టైపింగ్ లాంటి చిక్కులొస్తే సహాయ కేంద్రంలోనో రచ్చబండలోనో తెలుగులోనే అడగొచ్చు, చివర నాలుగు టిల్డేలతో (~~~~) సంతకం చెయ్యడం అక్కడి పద్ధతి.

అడిగాక

ఆగండి. పది నిమిషాలకోసారి "ఎనీ అప్‌డేట్?" అనడం, అదే ప్రశ్న మళ్లీ మళ్లీ పెట్టడం, గ్రూపులో బాగా చెబుతారని పేరున్న ఒకరిద్దర్ని ప్రతిదానికీ ట్యాగ్ చెయ్యడం, అడక్కుండా ఇన్‌బాక్స్‌లోకి వెళ్లిపోవడం, ఇవన్నీ తొందరగా విసుగు పుట్టిస్తాయి. ఇన్‌బాక్స్‌లో వచ్చిన జవాబు మీకొక్కరికే పనికొస్తుంది, అదే తప్పయితే "అది కాదు" అని దిద్దడానికి అక్కడ మూడో మనిషి ఉండరు. పైగా చెప్పగలిగినవాళ్లు అమెరికాలో ఉంటే వాళ్లకు అప్పుడు అర్ధరాత్రి కావచ్చు. ఇక అర్జెంట్ అనే మాట, రేపు పొద్దున సబ్మిషన్ ఉండటం మీ కష్టమే, కాదనను, గ్రూపులో మిగతావాళ్లకు అది తొందర కాదు. రెండు మూడు చోట్ల అడిగితే ఒకదాంట్లో ఇంకోదాని లింక్ పెట్టండి, ఒకచోట తేలిపోయిన దాని మీద ఇంకోచోట ఎవరో గంటసేపు కూర్చోకుండా ఉంటారు.

ఎవరైనా "ఇది చేసి చూడండి" అంటే చేసి చూసి, ఏమైందో చెప్పండి. పనిచెయ్యకపోతే "రాలేదు" అని వదిలెయ్యకుండా, ఈసారి ఏం వచ్చిందో పెట్టండి. పనిచేస్తే పనిచేసిందని రాయండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో అయితే ఆ జవాబుకు టిక్ పెట్టండి, వాళ్లకు 15 పాయింట్లు వస్తాయి, అంతకంటే ముఖ్యంగా రేపు వచ్చేవాళ్లకు ఏది పనిచేసిందో తెలుస్తుంది. మీరే కనుక్కున్నారా, "సాల్వ్డ్, థాంక్స్" అని మాత్రం వెళ్లిపోకండి. అచ్చం మీ ఎర్రరే వచ్చి, మూడేళ్ల తర్వాత వెతుక్కుంటూ మీ ప్రశ్న దాకా వచ్చినవాళ్లకు ఆ రెండు మాటలు కనబడితే ఎంత మంటగా ఉంటుందో, అలా వెతికినవాళ్లకే తెలుసు. పని అయిపోయిందని ప్రశ్న డిలీట్ చెయ్యడం అంతకంటే అన్యాయం, జవాబు రాసినవాళ్ల శ్రమ కూడా దాంతోపాటే పోతుంది.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్తగా చేరినవాళ్లకు డౌన్‌ఓటో, డూప్లికేట్ అని మూసెయ్యడమో ఎదురై మనసు కష్టపడటం మామూలే. అక్కడి తీరు కటువుగానే ఉంటుంది, కాదనలేం. అయితే డూప్లికేట్ అని మూసేటప్పుడు పాత ప్రశ్న లింక్ ఇస్తారు, మీకు కావాల్సింది చాలాసార్లు అక్కడే ఉంటుంది. లేకపోతే మీ ప్రశ్నే ఎడిట్ చేసి, పాతదానికీ దీనికీ తేడా ఏంటో రాయండి, మళ్లీ తెరిచే వీలుంది. వాదనకు దిగడం వల్ల మాత్రం ఏమీ జరగదు. ఇంకొకటి, వేరేవాళ్ల పోస్టు కింద కామెంట్ రాయాలంటే 50 పాయింట్లు ఉండాలి, అవి లేవని "నాకూ ఇదే సమస్య" అని జవాబు పెట్టెలో రాస్తే తీసేస్తారు.

జవాబు చెప్పేటప్పుడు

ఇక ఇటువైపు. తెలిసినవాళ్లం కదా అని మనం చేసే పనులు కూడా కొన్ని ఉన్నాయి. "ఇది కూడా తెలీదా", "బేసిక్స్ నేర్చుకుని రా", "విండోస్ ఎందుకు వాడుతున్నావ్, లైనక్స్ వేసుకో". చివరిది మరీ విడ్డూరం, ఆ పిల్లాడి చేతిలో ఉన్నది కాలేజీ ల్యాబ్ సిస్టమో, అన్నయ్య ఇచ్చిన పాత ల్యాప్‌టాప్పో, రేపటికి అసైన్‌మెంట్ ఇవ్వాలి. అడిగినదానికి ముందు జవాబు చెప్పి, సలహా ఉంటే తర్వాత చెప్పండి. లైనక్స్‌ను మొదలుపెట్టి, ఘాటైన మెయిళ్లకు పేరుపడ్డ లైనస్ టోర్వాల్డ్స్ కూడా 2018 సెప్టెంబర్‌లో తన తీరుకు క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నారు, లైనక్స్ కెర్నల్‌కు ప్రవర్తనా నియమావళి అప్పుడే వచ్చింది. తిట్టకపోతే నాణ్యత పడిపోతుందని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నాకైతే ఆ వాదన ఎప్పుడూ ఎక్కలేదు.

ప్రశ్న సరిగా లేకపోతే ఏం కావాలో చెప్పండి. "వివరాలు పెట్టు" అంటే కొత్తవాళ్లకు ఏ వివరాలో తెలియదు. "పూర్తి ఎర్రర్, పైథాన్ వెర్షన్, ఫైల్లో మొదటి రెండు వరసలు పెట్టండి" అంటే తెలుస్తుంది. ఓపిక లేని రోజు ఊరుకోవడమూ మర్యాదే, వెటకారం టైప్ చేసే టైమ్‌లో పక్కకు వెళ్లిపోవచ్చు.

పైన ఊళ్ల పేర్ల ప్రశ్నకు "రీప్లేస్ వాడు" అని రెండు మాటల్లో చెప్పి వదిలెయ్యొచ్చు. కాస్త ఓపిక చేసుకుంటే ఇలా చెప్పొచ్చు:

"అది జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కంటికి కనబడదు, పైథాన్‌లో ఆస్కీ ఫంక్షన్‌లో ఆ పేరు వేసి చూస్తే చివర్న కనబడుతుంది. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపడానికి దాన్ని వాడతారు, కొన్నిసార్లు మాట చివర కూడా మిగిలిపోతుంది. స్ట్రిప్ ఖాళీలనే తీస్తుంది, ఇది ఖాళీ కింద లెక్కకు రాదు. రీప్లేస్‌తో తీసెయ్యండి, అయితే పోల్చడానికి వేరే కాలమ్ చేసుకుని అందులోనే తియ్యండి. అసలు టెక్స్ట్‌లో తీస్తే సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ట కింద వ ఒత్తు చేరి రూపం మారిపోతుంది."

ఎందుకు వచ్చిందో, ఎలా కనిపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో అన్నీ ఉన్నాయి, రేపు వరంగల్ పేరుతో ఇదే చిక్కొస్తే ఆయన మళ్లీ గ్రూపుకు రానక్కర్లేదు. లింక్ ఇస్తే ఇవ్వండి, కానీ అందులో ఉన్న ముఖ్యమైన ముక్క ఇక్కడ కూడా రాయండి, లింకులు చచ్చిపోతుంటాయి.

నడిపి చూడకుండా చెబుతుంటే "నేను నడిపి చూడలేదు, ఇలా అయ్యుండొచ్చు" అని ఒక మాట కలపండి. ఫైళ్లు చెరిపేసే కమాండ్ ఇస్తే అది ఏం చేస్తుందో ముందు చెప్పండి. పర్మిషన్ ఎర్రర్ అనగానే "సీహెచ్‌మాడ్ 777 కొట్టు" అనే అలవాటు చాలామందికి ఉంది, ఎర్రర్ పోతుంది నిజమే, ఆ సిస్టమ్‌లో అకౌంట్ ఉన్న ఎవరైనా ఆ ఫైల్‌ను మార్చేయొచ్చన్న సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఒక్కోసారి గ్రూపులో వచ్చే ప్రశ్న, ఆ నిమిషాన నడుస్తున్న ఆన్‌లైన్ టెస్ట్‌లోంచి తీసిన స్క్రీన్‌షాట్ అయ్యుంటుంది, పక్కన టైమర్ కూడా కనబడుతుంటుంది, దానికి జవాబు చెప్పకండి. కాలేజీ అసైన్‌మెంట్ అయితే మొత్తం కోడ్ రాసివ్వడం కంటే ఎక్కడ ఆగిపోయారో అడిగి, ఆ అడుగు దాటించండి.

ఏఐ ఇచ్చిన జవాబు తెచ్చి పేస్ట్ చెయ్యడం ఇప్పుడు మామూలైపోయింది. చాట్‌జీపీటీ 2022 నవంబర్ ఆఖర్న వచ్చింది, డిసెంబర్ మొదటివారంలోనే స్టాక్ ఓవర్‌ఫ్లో దాంతో రాసిన జవాబుల్ని నిషేధించింది, చూడ్డానికి సరిగ్గా ఉన్నట్టే ఉండి తప్పులెక్కువగా ఉంటున్నాయని. అడిగినవాళ్లు దాన్ని తామే అడగగలరు, గ్రూపుకు వచ్చారంటే బహుశా అప్పటికే అడిగి చూసుంటారు. మీరు వాడుకుంటే వాడుకోండి, ముందు మీ సిస్టమ్‌లో నడిపి చూసి, అది ఎక్కడిదో చెప్పి పెట్టండి. అడిగేవాళ్లు కూడా "ఈ కోడ్ ఏఐ ఇచ్చింది" అని దాచకుండా చెప్పడం మంచిది, లేని ఫంక్షన్ పేరు కనబడినప్పుడు అది ఎక్కడ పుట్టిందో వెంటనే అర్థమవుతుంది.

మీ జవాబులో ఎవరైనా తప్పు చూపిస్తే, సరే అని దిద్దండి, అక్కడ పది మెసేజ్‌ల వాదన పెడితే అడిగినవాళ్లకు ఏది నమ్మాలో తెలియక పోతుంది. పాతవాటినీ అప్పుడప్పుడు చూసుకోండి. పాండాస్ అపెండ్ వాడమని మీరు ఎప్పుడో రాసిన జవాబు ఇంకా వెతుకులాటలో పైకి వస్తూ ఉంటే, దాని మొదట్లో ఒక్క లైన్ చేర్చండి: "2.0 నుంచి ఇది లేదు, కాన్‌క్యాట్ వాడండి."